సమయాన్ని ఎవరి సొమ్ముతో కొంటున్నాం?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 16వ వచనంలో "సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు" అని మనం చదువుకునే చోట గ్రీకు మూలంలో ఉన్నది సంతలో వాడే క్రియ అనీ, వెల ఇచ్చి కొనుక్కోవడం అని దాని అర్థం అనీ రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాలు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులను బాగా కదిలించినట్టున్నాయి. వాక్యం చదవడానికి సమయం ఎక్కడిదని అడిగినవారూ, అసలు సమయం అమ్మేవాడెవడని కాస్త చిరాకుగా అడిగినవారూ ఉన్నారు. అందుకే ఈ సంచికలో ఆ విషయం మీద వచ్చిన ఉత్తరాలనే తీసుకుంటున్నాను. కోరిన మీదట ఎవరి పేర్లూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను రేణిగుంటలో ఉంటూ శ్రీసిటీలోని ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. వారానికొకసారి షిఫ్టు మారుతుంది. బాప్తిస్మం తీసుకున్న రోజున ప్రతి ఉదయం ఐదు గంటలకు లేచి వాక్యం చదువుతానని తీర్మానం చేసుకున్నాను. పగటి షిఫ్టు వారంలో అది సాగుతుంది. రాత్రి షిఫ్టు వారంలో ఐదు గంటలకు నేను మిషను ముందు నిలబడి ఉంటాను. తీర్మానం తప్పుతున్నాననే బాధ నన్ను వదలడం లేదు.

జవాబు: మీ తీర్మానంలో దేవునికి చెందిన భాగం ఒకటి ఉంది, గడియారానికి చెందిన భాగం ఒకటి ఉంది. మీరు తప్పుతున్నది రెండవదానిని మాత్రమే. ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉన్న మాట వాస్తవమే. అయితే దానియేలు దినానికి మూడుసార్లు మోకాళ్లూనేవాడనీ, 119వ కీర్తన రాసినవాడు రాత్రిజాముల్లో వాక్యాన్ని ధ్యానించేవాడనీ అదే బైబిలు చెబుతోంది. ఆదికాండం మొదటి అధ్యాయంలో దినాన్ని లెక్కపెట్టేటప్పుడు అస్తమయం ముందు వస్తుంది, ఉదయం తరువాత వస్తుంది. కాబట్టి ఉదయం ఐదు గంటలే పరిశుద్ధమైన గంట అని ఎవరైనా మీకు చెప్పి ఉంటే, వారు తమ అలవాటును ఆజ్ఞగా మార్చి చెప్పారనుకోవాలి. వారికి షిఫ్టులు ఉండి ఉండవు.

మీలాంటివారు చదువును గంటకు కట్టకుండా, ప్రతి షిఫ్టులోనూ తప్పకుండా జరిగే ఒక పనికి కట్టుకోవడం మేలు. కంపెనీ బస్సు ఎక్కి కూర్చోవడం మూడు షిఫ్టుల్లోనూ ఉంటుంది కదా. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలోని ఐతియొపీయుడైన నపుంసకుడు యెరూషలేము నుంచి తిరిగి వెళుతూ ప్రయాణంలోనే, రథం మీద కూర్చుని యెషయా గ్రంథం చదువుకున్నాడు. ఫిలిప్పు పరుగెత్తి దగ్గరకు వచ్చేసరికి ఆ చదువు వినబడిందంటే, పైకి చదువుతున్నాడన్నమాట. మన బస్సుల్లో అంత గట్టిగా చదవనక్కరలేదు. ఒక చిన్న క్రొత్త నిబంధన క్యారియర్ సంచిలో ఉంటే చాలు. రాత్రి బస్సులో లైట్లు ఆర్పేస్తారు కాబట్టి, ఆ వారానికి ముందుగానే ఒక చిన్న కీర్తన కంఠతా పెట్టుకుని చీకట్లో దానినే మెల్లగా చెప్పుకోండి. మన బైబిలులో 'ధ్యానించు' అని ఉన్నచోట, మొదటి కీర్తనలో గాని యెహోషువ 1:8లో గాని, హెబ్రీలో వాడిన మాటకు నోటిలో గొణుగుకోవడం అనే అర్థం ఉంది. యెషయా 31:4లో వేటను పట్టుకున్న సింహం చేసే శబ్దానికి కూడా అదే మాట వాడారు. పుస్తకం చేతిలో లేకపోయినా ఆ పని చేయవచ్చు.

రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి వచ్చాక మాత్రం ముందు నిద్రపోండి. ఏలీయా అలసి బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి ఉపదేశం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. హోరేబులో మిక్కిలి నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తరువాతే.

ప్రశ్న: నా భర్త మా సంఘంలో పెద్ద. తెల్లవారి నాలుగున్నరకు లేచి ఆరున్నర వరకు గది తలుపు వేసుకుని వాక్యంలోనూ ప్రార్థనలోనూ గడుపుతారు. అదే నాలుగున్నరకు నేనూ లేస్తాను. కొళాయి వచ్చే గంట అదే. నీళ్లు పట్టి, పాలు కాచి, అత్తగారికి షుగరు మందు ఇచ్చి, ఇద్దరు పిల్లలకు క్యారియర్లు కట్టి, ఎనిమిదికి నా డ్యూటీకి బయలుదేరాలి. రాత్రి పదికి కూర్చుంటే కళ్లు మూతపడతాయి. మొన్న స్త్రీల కూటంలో వారానికి ఎన్ని అధ్యాయాలు చదివారని అడిగితే నేను ఒక్కటీ చెప్పలేకపోయాను. ఆ సంగతి తెలిసి మా ఆయన, మార్తలాగా పనుల్లో పడి ఉత్తమమైనదానిని పోగొట్టుకుంటున్నావని అందరి ముందు అన్నారు. నేను నిజంగా మార్తనేనా అయ్యగారూ?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గత సంచికలో నేను చెప్పకుండా వదిలేసిన మాట ఒకటి మీ ఉత్తరం వల్ల చెప్పవలసి వస్తోంది.

సమయాన్ని కొనుక్కోవాలి అన్నప్పుడు దానికి వెల ఉంటుంది, ఆ వెలను ఎవరో ఒకరు చెల్లించాలి. పౌలు ఎఫెసీ పత్రికలో వాడిన ఆ క్రియనే గలతీయులకు 3:13లో కూడా వాడాడు. క్రీస్తు మనలను ధర్మశాస్త్రపు శాపం నుంచి విమోచించాడని మనం చదువుకునేది అక్కడే. అక్కడ వెల ఇచ్చినవాడు కొన్నవాడే, ఇంకొకరి చేతిలోంచి తీసి ఇవ్వలేదు. మీ ఇంట్లో నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు రెండు గంటలు కొన్నది మీ వారు, వెల చెల్లిస్తున్నది మీరు. చెల్లించినవారికి కనీసం రసీదు కూడా ఇవ్వకపోగా బాకీదారని పిలవడం న్యాయం కాదు.

మార్త సంగతి కూడా సరిగ్గా చూద్దాం. లూకా 10వ అధ్యాయంలో ప్రభువు పాదాల దగ్గర కూర్చుని వాక్యం విన్నది ఒక స్త్రీ. పనుల్లో మునిగిన ఆమె సోదరి మార్త, ఆమెను లేపి వంటపనికి పంపమని అడిగితే ప్రభువు ఒప్పుకోలేదు, "అది ఆమె యొద్దనుండి తీసివేయబడదు" అన్నాడు. అంటే ఈ కథను పట్టుకుని ఒక ఇంట్లో చేయవలసిన పని ఏమైనా ఉంటే, అది ఆ ఇంటి ఆడమనిషికి కూర్చునే చోటు చూపించడం. మార్త వండినది తింటూ మార్తను మందలించే మగవాడు ఆ కథలో ఎక్కడా లేడు.

ఈ మాట సంఘపెద్దలకూ, నాలాంటి పాస్టర్లకూ కాస్త గట్టిగానే చెప్పాలి. యెషయా 58వ అధ్యాయంలో ప్రజలు ఉపవాసం ఉన్నామని దేవునికి గుర్తుచేస్తే, ఆ ఉపవాసదినాన మీ పనివారి చేత కఠినమైన పని చేయించారు కదా అని ఆయన అడిగాడు. ద్వితీయోపదేశకాండం 5:14లో విశ్రాంతిదినం ఇచ్చినప్పుడు, నీతోపాటు నీ దాసుడూ నీ దాసీ కూడా విశ్రమించాలని కారణం చెప్పి మరీ ఇచ్చాడు. ఇక 1 పేతురు 3:7లో భర్తలకు నేరుగా చెప్పిన మాట ఉంది: భార్యను సన్మానించి కాపురం చేయండి, లేకపోతే మీ ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుంది. తలుపు మూసుకుని రెండు గంటలు ప్రార్థించేవారు ఆ వచనాన్ని తలుపు లోపలివైపు అంటించుకుంటే మంచిది.

నేను ఇలా రాయడానికి నాకు అర్హత ఉందని అనుకోవద్దు. నా సేవలో తొలి సంవత్సరాలు నేనూ ఇలాగే గడిపాను. పెళ్లికి మాకు ఇద్దరికీ ఒకే రకం బైబిళ్లు బహుమానంగా వచ్చాయి. చాలాకాలం తరువాత ఒకరోజు ఏదో వెతుకుతూ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, నాది అట్ట ఊడిపోయి ఉంది, ఆమెది అంచులకు పూసిన బంగారు రంగు ఇంకా అంటుకుని పుటలు విడిపోకుండా ఉంది. ఆమెకు భక్తి తక్కువని నేను అనుకోగలిగేవాణ్ణే, కానీ ఆ ఉదయం కూడా కాఫీ నా బల్ల దగ్గరికే వచ్చింది.

ఇప్పుడు మీరు చేయవలసినది. ఈ పుట తెరిచి మీవారి బల్ల మీద పెట్టమని నేను చెప్పను. అలా చేస్తే మాట పెరుగుతుంది, పని జరగదు. ఆదివారం మధ్యాహ్నం తీరికగా ఉన్నప్పుడు, నాకు ఉదయం అరగంట కావాలి, ఆ అరగంట కొళాయి దగ్గర మీరు నిలబడండి అని అంత సూటిగానే అడగండి. రెండు గంటల్లో అరగంట పోతే ఆయనకు ఇంకా గంటన్నర మిగులుతుంది. నీళ్లు పట్టడం సంఘపెద్ద చేయగలిగిన పనే. అది కుదిరేవరకు, స్త్రీల కూటంలో లెక్క అడిగినప్పుడు సిగ్గుపడకుండా ఉన్నదే చెప్పండి. అధ్యాయాల లెక్క అడిగి అందరి ముందు చేతులెత్తించే పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు. అది అబద్ధాలు నేర్పుతుంది.

ప్రశ్న: నేను చిత్తూరులో డిగ్రీ చదువుతున్నాను. ప్రతి జనవరి 1న ఒక సంవత్సరంలో బైబిలు పూర్తిచేయాలని మొదలుపెడతాను. మూడేళ్లుగా లేవీయకాండం దగ్గరే ఆగిపోతున్నాను. రోజుకు మూడు అధ్యాయాలు చదివే ఓపిక లేనివాడు వాక్యాన్ని ప్రేమించనట్టేనా?

జవాబు: ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మీ కష్టంలో సగం లెక్కదే. మన బైబిలులో పాత నిబంధన 929 అధ్యాయాలు, క్రొత్త నిబంధన 260, మొత్తం 1,189. వారంలో ఆరు రోజులు మూడేసి, ఆదివారం ఐదు అధ్యాయాలు చదివితే 52 వారాల్లో 1,196 అవుతాయి, పూర్తవుతుంది. ఆదికాండం 50, నిర్గమకాండం 40 కలిపి 90 కాబట్టి, మొదటి నుంచి వరుసగా రోజుకు మూడు చదివినవారు ఎవరైనా జనవరి 31న లేవీయకాండంలో అడుగుపెడతారు. అప్పటికి కొత్త సంవత్సరపు ఉత్సాహం తగ్గి ఉంటుంది, మీకైతే ఇంటర్నల్ పరీక్షలు కూడా దగ్గరపడి ఉంటాయి. మీరు ఆగిపోయేది భక్తి లేక కాదు, బలుల గురించిన అధ్యాయాలు ఏ వివరణా లేకుండా రోజుకు మూడు మింగడం కష్టం కాబట్టి.

ఇలాంటి పట్టికలలో పేరుపొందినది స్కాట్లండులో డండీ పట్టణంలో కాపరిగా ఉన్న రాబర్ట్ మరే మెక్షేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసినది. రోజుకు సుమారు నాలుగు అధ్యాయాల చొప్పున సంవత్సరంలో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు దానిలో పూర్తవుతాయి. ఆ పట్టికను నేటికీ పంచేవారు చాలామంది ఉన్నారు గాని, దాని ముందుమాటలో ఆయనే రాసిన ప్రమాదాలను పంచేవారు తక్కువ. చదువు ఆచారంగా మారిపోవచ్చనీ, పూర్తిచేశామని స్వనీతి పెరగవచ్చనీ, లెక్క కోసం అజాగ్రత్తగా చదవవచ్చనీ, కొందరికి అది మోయలేని కాడి కావచ్చనీ ఆయన హెచ్చరించాడు. మరుసటి సంవత్సరమే 29 ఏళ్ల వయసులో చనిపోయిన ఆ యువకుడికి మనుషుల మనసు బాగా తెలుసు.

మీకు నా సలహా ఏమిటంటే, ఈ సంవత్సరం క్రొత్త నిబంధన ఒక్కటే పెట్టుకోండి. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు ఒక్క అధ్యాయం చొప్పున 52 వారాలకు సరిగ్గా 260 అవుతాయి. శని, ఆదివారాలు వెనకబడినది అందుకోవడానికి ఉంటాయి. అధ్యాయం దగ్గరే ఆగాలనే పట్టింపు కూడా వద్దు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలోనూ, నేటి వచనాల సంఖ్యలు 16వ శతాబ్దంలోనూ వచ్చినవి. యెషయా 53వ అధ్యాయం అని మనం చెప్పుకునే శ్రమపడే సేవకుని గీతం నిజానికి 52:13లోనే మొదలవుతుంది. విషయం ఎక్కడ ముగిస్తే అక్కడ ఆగండి. లేవీయకాండాన్ని, ఆ బలుల అర్థం వివరించే హెబ్రీయులకు రాసిన పత్రిక చదివిన తరువాత, ఎవరైనా పెద్దవారి దగ్గర కూర్చుని చదవండి.

ప్రశ్న: ప్రతి ఉదయం స్టేటస్‌లో ఒక వాగ్దాన వచనం పెడతాను. అది వాక్యధ్యానంలోకి వస్తుందా?

జవాబు: ఆ వచనానికి ముందు పది వచనాలు, తరువాత పది వచనాలు చదివి పెడితే వస్తుంది.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా అమ్మకు చదువు రాదు. రెండు పూటలా ఆవుల పాలు పిండి కేంద్రానికి పోసి రావాలి. కొట్టంలో పని చేసుకుంటూ ఫోన్‌లో ఆడియో బైబిలు వింటుంది. మా సంఘంలో ఒకరు, పనిచేస్తూ వినడం వాక్యాన్ని అగౌరవపరచడమేనని అన్నారట. అప్పటి నుంచి ఫోన్ కట్టేసింది.

జవాబు: ఈరోజు సాయంత్రమే ఫోన్ మళ్లీ పెట్టమని అమ్మగారికి చెప్పండి, నా మాటగా చెప్పండి.

బైబిలు రాసిన కాలంలో చాలామంది దానిని చెవితోనే అందుకున్నారు. ప్రకటన 1:3లో చదివేవాడు ఒక్కడు, వినేవారు అనేకులు, ఆ ఇద్దరినీ ధన్యులనే అన్నారు. కొలొస్సయులకు రాసిన పత్రికను లవొదికయ సంఘంలోనూ చదివించమని పౌలు కోరాడు. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు చదువుతుంటే స్త్రీపురుషులందరూ నిలబడి విన్నారు, అర్థమయ్యేలా లేవీయులు విడమరిచి చెప్పారు. వినుట వలన విశ్వాసం కలుగుతుందని రోమా 10:17 చెబుతోంది గాని, చదువుట వలన అని చెప్పడం లేదు. పని చేస్తూ వినడం తప్పనేవారు ద్వితీయోపదేశకాండం 6:7 చూడాలి. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచినప్పుడు, పండుకొన్నప్పుడు, లేచినప్పుడు ఈ మాటల గురించి మాట్లాడుకోమని అక్కడ ఉంది. ఆవుల కొట్టం ఆ నాలుగింటి మధ్యలో ఎక్కడో తప్పకుండా వస్తుంది.

ఈ ప్రాంతానికి ఇది కొత్త సంగతి కూడా కాదు. ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో పనిచేసిన మిషనరీ వైద్యుడు జేకబ్ చేంబర్లిన్ 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. ఆ రోజుల్లో ఈ పల్లెల్లో అక్షరం వచ్చినవారు బహు కొద్దిమంది. వాక్యం రచ్చబండ దగ్గర ఒకరు చదవగా పదిమంది వినడం వల్లనే ఇల్లిల్లూ చేరింది.

ఒక చిన్న సవరణ మాత్రం చెబుతాను. పాలు పిండేటప్పుడు ఎన్నో అధ్యాయాలు వరుసగా పోనివ్వకుండా, ఒకే అధ్యాయాన్ని వారమంతా రెండు పూటలా వింటే ఆదివారానికి ఆమెకు అది కంఠతా వచ్చేస్తుంది. ఆ తరువాత మీరు ఆమె దగ్గర కూర్చుని, ఏం విన్నావమ్మా అని అడగండి. చదువు వచ్చిన మీకు తట్టనిది ఆమె చెప్పే అవకాశం చాలా ఉంది.

ప్రశ్న: ముందు ప్రార్థన చేయాలా, ముందు వాక్యం చదవాలా?

జవాబు: దీనికి ఆజ్ఞ లేదు. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ ఎన్నో ఏళ్లు లేవగానే ప్రార్థనకు కూర్చునేవాడు. మనసు కుదురుకోవడానికే చాలాసేపు పట్టేదని ఆయనే రాసుకున్నాడు. 1841 నాటికి పద్ధతి మార్చి ముందు వాక్యం చదవడం మొదలుపెట్టాక, చదివినదే ప్రార్థనగా మారేదని చెప్పాడు. మీకు ప్రార్థనలో మనసు చెదిరిపోతుంటే అలా చేసి చూడండి.

ప్రశ్న: నాకు దామలచెరువులో మామిడి మండీ ఉంది. మే నుంచి జూలై వరకు నిద్రకే తీరిక ఉండదు, ఆదివారమూ ఉండదు. బైబిలు తెరవను. సీజను అయ్యాక మిగతా నెలల్లో రెట్టింపు చదివి సరిచేస్తాను. ఇది దేవునికి సమ్మతమేనా?

జవాబు: వ్యాపారస్థుడు కాబట్టి వడ్డీతో సహా తీర్చేస్తానంటున్నారు. అయితే ఈ సరుకు నిలవ ఉండేది కాదు. నిర్గమకాండం 16వ అధ్యాయంలో దేవుడు అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా ఇచ్చిన మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు. దాచుకున్నది పురుగుపట్టి కంపుకొట్టింది, విశ్రాంతిదినం కోసం దాచినది తప్ప. అక్టోబరులో మీరు చదివే రెట్టింపు అధ్యాయాలు మంచివే గాని, జూన్‌లో లారీ డ్రైవరు మీదా హమాలీ మీదా మీరు అరిచిన అరుపులను అవి వెనక్కి తీసుకురాలేవు.

సీజను సంగతి దేవునికి తెలియనిదేమీ కాదు. నిర్గమకాండం 34:21లో "దున్ను కాలమందైనను కోయుకాలమందైనను" విశ్రమించాలని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, ఆ రెండు కాలాల్లోనే మనిషికి సాకు దొరుకుతుందని. క్రైస్తవులు ఆదివారాన్ని ఏ మేరకు విశ్రాంతిదినంగా ఎంచాలనే దానిలో సంఘాల మధ్య భేదాలున్నాయి, వాటిలోకి ఇప్పుడు వెళ్లను. చెట్టు మీద పండిన కాయ సోమవారం దాకా ఆగదని కూడా నాకు తెలుసు. అయినా ఒక సంగతి మీ చేతిలో ఉంది. మండీలో కాయలు దించేవారూ, గ్రేడింగ్ చేసే ఆడవాళ్లూ మీరు రమ్మంటేనే ఆదివారం వస్తారు. వారిలో ఆరాధనకు వెళ్లాలనుకునేవారు ఎవరో కనుక్కుని, వంతులు వేసి, ఆ పూట కూలి తెగ్గొట్టకుండా పంపండి. పైన ఆ సోదరికి చెప్పిన వెల సంగతే మీకూ వర్తిస్తుంది. మీరు ఒక ఆదివారం ఆరాధనకు వెళ్లినా, మీ బదులు కాటా దగ్గర ఎవరిని నిలబెట్టి వెళ్లారో చూసుకోండి.

చదువుకు మాత్రం ఆ మూడు నెలలూ సామెతల గ్రంథం పెట్టుకోండి. 31 అధ్యాయాలున్నాయి, తేదీని బట్టి ఏ రోజు అధ్యాయం ఆ రోజు తెరిస్తే గుర్తు పెట్టుకునే పనే ఉండదు. లారీ లోడయ్యే సమయంలో ఒక అధ్యాయం హాయిగా అయిపోతుంది. 11వ తేదీన వచ్చే అధ్యాయాన్ని మాత్రం ఇంట్లో చదవకండి. దాని మొదటి వచనం దొంగత్రాసు గురించి. కాటా పక్కన నిలబడి చదవండి.